వేలు పడిన చోటు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎజ్రా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో చెప్పుకుని ముందుకు పోదాం. ముందు గదిలో గోడకు వీపు ఆనించి ఎజ్రా కూర్చున్నాడు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. అతనికి ఎదురుగా తమ్ముడు ఇస్సాకు, మోకాళ్ల మీద గొడ్డలి అడ్డంగా పెట్టుకుని ఉన్నాడు. మూలన నులకమంచంలో వాళ్ల తల్లి వీరమ్మ. ఆమెకు చూపు సగం పోయింది గాని చెవులు మాత్రం పదును. పొయ్యి పక్కన ఎజ్రా భార్య సరోజమ్మ. పొయ్యిలో నిప్పు లేదు. కొడుకును మట్టిలో పెట్టి వచ్చినప్పటి నుంచి ఆమె అక్కడే కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడలేదు, ఏడవనూ లేదు. గడప దగ్గర వాళ్ల కూతురు ఎలీషబా. ఇక లోపలి గదిలో, జొన్నల కుండల నడుమ, నిట్రాడకు కట్టేసి ఉన్నవాడు లింగయ్య.

లేనివాడు ఎజ్రా కొడుకు పేతురు. అతను ఎట్లా పోయాడో కిందటి వారం చదివినవాళ్లకు తెలుసు. అమ్మవారి తిరణాలలో డప్పు కొట్టమంటే కొట్టనన్నాడు. బాప్తిస్మం తీసుకున్నప్పుడే ఈ చేతులు ప్రభువుకిచ్చేశానన్నాడు. ఆ చేతులు విరగ్గొట్టమని ఊరి పెద్దలు కేకేశారు. చాలామంది కొట్టారు. తల మీద పడిన చివరి దెబ్బ లింగయ్యది. ఈ లింగయ్య పరాయివాడు కాదు, సరోజమ్మకు స్వయానా అన్న కొడుకు. ఊరి బయటి పాలెంలో లింగయ్య వాళ్ల ఇల్లొక్కటే పాత దేవతలను వదలలేదు. పేతురు దించిన డప్పును లింగయ్య భుజానికెత్తుకున్నాడు. మార్కాపురం ఆసుపత్రి దారిలో బండి మీదనే పేతురు ప్రాణం పోయింది. పోలీసులను వెంటబెట్టుకొస్తానని పాస్టరు కరుణాకరంగారు అదే మార్కాపురానికి వెళ్లారు. రేపు పొద్దుటికి గాని రారు. ఈలోగా ఇస్సాకు వాగులో నక్కిన లింగయ్యను పట్టుకుని, తెల్లవారేసరికి అన్న ఇంటికి ఈడ్చుకొచ్చాడు.

రేపు పొద్దుటిదాకా లింగయ్య బతికి ఉంటాడా లేదా అన్నదే ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్న మాట.

"ఇంకా ఎంతసేపన్నా?" అన్నాడు ఇస్సాకు. "పోలీసోళ్లొస్తే వాణ్ణి తీసకపోయి అన్నం పెడ్తారు. పెద్దోళ్లు పోయి నాలుగు మాటలు చెప్తారు. వాడు మళ్లీ తిరణాలకు డప్పు కొడ్తాడు. పేతురు లేచొస్తాడా?"

"అడక్కుండా నేను చెయ్యెత్తను" అన్నాడు ఎజ్రా.

"అయితే అడుగు. ఆ పుస్తకం దించు."

అడగడం అంటే ఏమిటో చెప్పాలి. ఆ పాలెంలో అందరికీ తెలిసిన పద్ధతే అది. ఏదైనా పెద్ద పనికి ముందు ఇంటి పెద్ద పొద్దుటి నుంచి ఉపవాసం ఉంటాడు. చేతులు కడుక్కుని, తెల్లగుడ్డ మీద బైబిలు పెట్టి, కళ్లు మూసుకుని తెరుస్తాడు. తెరిచినచోట చూపుడువేలు పెడతాడు. వేలు ఎక్కడ పడితే అదే దేవుడి మాట. గిద్దలూరు రైలుపనికి పోదామా, పలకల గనిలోనే ఉందామా అని ఎజ్రా ఇట్లాగే అడిగాడు. గేదెను అమ్మేటప్పుడూ అడిగాడు. పాస్టరుగారికి ఇది తెలిసి ఒకసారి గుడిలోనే కోప్పడ్డారు. దేవుడేమన్నా సోదెగత్తె అనుకున్నారా అన్నారు. అందరూ తలలు వంచుకుని విన్నారు. ఇంటికి పోయి మళ్లీ వేలు పెట్టుకున్నారు.

ఎజ్రాకు చదువు రాదు. అతను వేలు పెడితే ఎలీషబా చదువుతుంది. మిషను బడిలో ఐదు తరగతులు చదివింది. పదిమందిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే పిల్ల అది. అయినా పుస్తకం చేతిలో ఉంటే గొంతు వణకదు. ఎందుకంటే ఆ మాటలు తనవి కావు.

తన మాటలు వేరే చోట ఉండేవి. తెల్లవారకముందు తిరగలి దగ్గర. పాస్టరుగారి ప్రార్థనలో ఉండే పెద్ద పెద్ద మాటలు ఆమెకు రావు. జొన్నలు పోసి, పిడి పట్టుకుని, "ఈ పొద్దు గింజలు మెత్తబడినాయి ప్రభువా, తిరగడంలా" అని మొదలుపెట్టేది. తర్వాత రవిక చిరుగు సంగతి చెప్పేది. చిన్నాయన తాగొచ్చి అరిచిన సంగతి చెప్పేది. గిద్దలూరు పోయి రైలు చూడాలని ఉందని ప్రభువుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కొన్ని రోజులు ఏమీ చెప్పేది కాదు. పిండి రాలుతూ ఉండేది. తిరగలికి అవతల ఎవరో కూర్చుని, పిడికి తమ చెయ్యి కూడా వేసి తిప్పుతున్నట్టు ఉండేది. ఇది ప్రార్థనేనా కాదా అని అనుమానం వచ్చినా, అడిగితే నవ్వుతారని ఎవరినీ అడగలేదు.

అన్నను పూడ్చిన మరుసటి పొద్దు ఆమె తిరగలి దగ్గర కూర్చుంది. అవతల ఎవరూ లేరు. రాయి ఒట్టి రాయిగా ఉంది.

ఈ పొద్దు ఇంకోటి జరిగింది. తెల్లవారి లింగయ్యకు నీళ్లు ఇమ్మని నాయన చెంబు చేతికిచ్చాడు. పశువుకైనా ఇస్తాం గదా అన్నాడు. ఎలీషబా లోపలికి పోయింది. లింగయ్య మొహం ఉబ్బి ఉంది, పెదవి చీలి రక్తం గడ్డకట్టింది. చెంబు అతని నోటి దాకా తీసుకుపోయింది. అతను మెడ చాచాడు. అప్పుడు ఆమె చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చి, చెంబును నెమ్మదిగా వంచింది. నీళ్లన్నీ నేల మీద పోయాయి. మట్టి తాగేసింది. లింగయ్య ఆమెను చూశాడు. ఖాళీ చెంబుతో బయటికి వచ్చి, తాగినాడు నాయనా అని చెప్పింది.

ఇప్పుడు లోపలి నుంచి లింగయ్య గొంతు వినపడింది. నాలుక ఎండిపోయి మాట ముద్దగా వస్తోంది.

"అత్తా. గుక్కెడు నీళ్లు."

సరోజమ్మ కదల్లేదు. ముసలామె వీరమ్మే మంచంలోంచి అందుకుంది.

"నీళ్లు యాడివిరా? మీ అమ్మ నిన్ను కని పోతే ఈ ఇంట్లో ఒక పక్క పేతురు, ఒక పక్క నువ్వు, నా కోడలు పాలు తాగినారు. అప్పుడు తాగింది చాలదా? ఆ పాల బలంతోనే గదరా కొట్టినావు."

"కొట్టినా అవ్వా" అన్నాడు లింగయ్య. "ఊరి పెద్దోళ్లు మా నాయనను చెట్టుకు కట్టేసినారు. వాడి తల నువ్వు పగలగొడ్తావా, మీ నాయన తల మేం పగలగొట్టాల్నా అన్నారు. అయినా కొట్టింది నేనే. కాదనను."

"విన్నావా అన్నా? వాడే ఒప్పుకున్నాడు" అన్నాడు ఇస్సాకు. "ఇంక పుస్తకం గూడ అక్కర్లే."

"అమ్మీ, పుస్తకం దించు" అన్నాడు ఎజ్రా.

చెదలు పట్టకుండా బైబిలును ఉట్టిలో పెట్టేవాళ్లు, పూర్వం మజ్జిగకుండ పెట్టిన ఉట్టిలోనే. ఎలీషబా పీట ఎక్కి దించింది. చుట్టిన తువ్వాలు విప్పి, తెల్లగుడ్డ పరిచి, నాయన ముందు పెట్టింది. ఎజ్రా చేతులు కడుక్కున్నాడు. ఇస్సాకు గొడ్డలి పక్కన పెట్టలేదు.

"దానికి కోడి ఖర్చన్నా లేదు" అని గొణిగింది వీరమ్మ. "మా కాలంలో అయితే అడిగినప్పుడల్లా ఒక కోడి పోయేది."

"నువ్వు ఊరుకోమ్మా."

"ఊరుకున్నా. అడుగు నాయనా. నీ బిడ్డ గదా పోయింది."

ఎజ్రా కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. తర్వాత రెండు చేతులతో పుస్తకాన్ని తెరిచి, కుడిచేతి చూపుడువేలు దించాడు. గనిలో సుత్తి దెబ్బకు ఆ వేలు కొన ఎప్పుడో నలిగిపోయి వెడల్పయింది. గోరు లేదు. ఆ వేలు ఒక్క వరస మీద ఆగేది కాదు, రెండు మూడు వరసలు దాని కింద దాక్కునేవి.

"చదువు."

ఎలీషబా వంగింది. వేలికి ఈ పక్కన ఉన్న మాటలు చూసింది, ఆ పక్కన ఉన్నవి చూసింది. వేలు కొంచెం జరపమని అడగాల్సిన పని లేకపోయింది. ఆ చోటు ఆమెకు తెలుసు. ఒక శత్రురాజును చంపకుండా పట్టి తెచ్చిన సంగతి అది. చావు గండం గడిచిందనుకుంటూ వస్తాడు ఆ రాజు. ముసలి ప్రవక్త కత్తి తీసుకుని, దేవుడి సన్నిధిలోనే అతన్ని ముక్కలు చేస్తాడు. చిన్నప్పుడు ఆ కథ చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు.

లోపలి గదిలో తాడు రాపిడి వినపడింది. ఇస్సాకు బొటనవేలు గొడ్డలి అంచు మీద తిరుగుతోంది.

ఆమె అనుకుని చేసిన పని కాదు. నోరు తెరిచేసరికి వేరే మాటలు వచ్చాయి. ఆదివారపు బడిలో బహుమతి తెచ్చిపెట్టిన మాటలు, కళ్లు మూసుకున్నా చెప్పగలిగినవి. తనను గోతిలో తోసి అమ్మేసిన అన్నలు ఎదుటికి వచ్చినప్పుడు యోసేపు వాళ్ల మీద పడి ఏడ్చిన చోటు అది. గొంతు వణకలేదు. పుస్తకంలోంచి చదివినట్టే చదివింది. చదవడం అయిపోయాక, చెయ్యి చాపి పుస్తకం మూయబోయింది.

ఎజ్రా వేలు తియ్యలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వాళ్ల మీద పడి ఏడ్చినాడా?" అన్నాడు.

"ఏడ్చినాడు నాయనా."

"ఎవరి మీద? తోసినోళ్ల మీదనేనా?"

"ఆఁ."

అతను తల ఊపుతూ ఉండిపోయాడు. ఇంకొక్క క్షణం గడిచి ఉంటే పుస్తకం మూసేవాడే. ఇస్సాకు మాత్రం పుస్తకాన్నే చూస్తున్నాడు.

"అన్నా, యోసేపు కత యాడుంటాది?" అన్నాడు.

"యాడుంటే ఏంది?"

"ముందర అట్ట పక్కనే ఉంటాది. నేను మిషను బోర్డింగు బడిలో రెండేండ్లు ఊరికే అంబలి తాగలా. చూడు, నీ వేలు పడింది యాడ? ముందర ఇంత మందం పోయినాక. యోసేపు ఇంత దూరం ఎప్పుడు నడిచొచ్చినాడు?"

ఎలీషబా చెయ్యి పుస్తకం మీదే ఆగిపోయింది. ఇస్సాకు దాన్ని విదిలించి, అన్న వేలు పక్కకు జరిపి, వంగి అక్షరాలు కూడబలుక్కున్నాడు. చదువు సగం మరిచిపోయినవాడు, ఒక్కో అక్షరానికీ పెదవులు కదిలాయి. చివరికి తలెత్తాడు.

"ముక్కలు చేసినాడని ఉండాది" అన్నాడు. "పట్టుకొచ్చినోణ్ణి ముక్కలు చేసినాడంట. యోసేపు లేడు, ఎవరి ఏడుపూ లేదు."

ఎజ్రా కూతురి వైపు తిరిగాడు. "నిజమేనా?"

ఆమె తల వంచుకుంది.

"అమ్మీ, నిజమేనా?"

"నిజమే నాయనా."

పుట్టినప్పటి నుంచి ఎజ్రా ఆమె మీద చెయ్యి చేసుకోలేదు. పలకలు చీల్చే చెయ్యి అది, తగిలితే బిడ్డ ఏమైపోతుందో అని భయపడేవాడు. ఇప్పుడు ఆ చెయ్యి లేచింది. మొదటి దెబ్బకు ఆమె గోడకు తగిలి కింద పడింది. జుట్టు పట్టి లేపాడు, మళ్లీ కొట్టాడు. చెవిలో గంట మోగినట్టయింది. నోట్లో ఉప్పగా రక్తం ఊరింది.

"చదువురానోణ్ణని మోసం చేస్తావా? నేను ఆయన్ని అడిగితే నువ్వు జవాబు చెప్తావా? ఆయన నోట్లో నీ మాట పెట్టేదానికి నువ్వెవరు? ఇన్నేండ్లూ నువ్వు చదివిందంతా ఇట్లనేనా? గేదె సంగతి ఇట్లనేనా? గని సంగతి ఇట్లనేనా?"

ఒక్కో మాటకూ ఒక దెబ్బ. కోపం కన్నా ఆ గొంతులో బెదురే ఎక్కువగా ఉంది. ఇన్నేళ్లూ కాళ్ల కింద ఉన్న నేల నేలేనా కాదా అని తొక్కి చూసుకుంటున్నవాడిలా ఉన్నాడు.

"చంపేస్తావా ఏందిరా దాన్ని గూడ?" అని మంచంలోంచి వీరమ్మ గాలిలో చేతులు ఆడిస్తోంది. "ఒకటి పోయింది చాలదా? ఒరే ఎజ్రా, నాకు కనపడక పోయినా వినపడతాంది."

లోపలి నుంచి లింగయ్య, "పిల్లను వదిలెయ్ మామా, నన్ను కొట్టు" అంటున్నాడు.

ఎలీషబా మోచేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. ఏడవలేదు. నాయన అన్నది నిజమని ఆ దెబ్బల నడుమ ఆమెకు తెలిసింది. దేవుడి నోట్లో తన మాట పెట్టింది. మంచికే పెట్టింది, అయినా పెట్టింది. ఇంకోటి కూడా తెలిసింది. పూడ్చిపెట్టి వచ్చినప్పటి నుంచి తను ఆయనతో ఒక్క మాట కూడా చెప్పలేదు. తిరగలి అవతల ఆయన లేకపోవడం కాదు. తానే ముఖం తిప్పుకుని కూర్చుంది. అన్నను ఎందుకు తీసుకున్నావని అడగడం తప్పేమో అని అడగలేదు. లింగయ్య చచ్చిపోవాలని ఉందని చెప్పడం పాపమేమో అని చెప్పలేదు. చెప్పుకోదగిన మాటలు దొరికేదాకా మాట్లాడకూడదనుకుంది. ఆ మాటలు దొరకనే లేదు.

నేల మీద, రక్తం మింగుతూ, అప్పుడు చెప్పింది. పెదవులు కదల్లేదు. నీ పేరున అబద్ధం ఆడినా ప్రభువా. నీళ్లు నేల మీద పోసినా. వాడు చావాలనే నాకూ ఉండాది, వాణ్ణి చంపొద్దనీ ఉండాది. నాకేం తెలీడంలా. నువ్వు అన్నను తీసుకున్నావు, నీ మీద నాకు కోపంగా ఉండాది. అయినా నువ్వు ఇక్కడుండు. పోవాకు.

ఆకాశం నుంచి ఏ గొంతూ వినపడలేదు. దెబ్బలు ఆగనూ లేదు. అయితే భయం మాత్రం ఆమె ఒంట్లోంచి ఎటో దిగిపోయింది. చేతులు మొహం మీద నుంచి తీసేసి, నాయనను చూసింది.

"చదువుతా నాయనా" అంది. "ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువుతా."

ఎజ్రా చెయ్యి గాలిలో ఆగింది. అతను రొప్పుతూ వెనక్కి జరిగాడు. ఎలీషబా మోకాళ్ల మీద పాకుతూ పుస్తకం దగ్గరికి వచ్చింది. రక్తం కాగితం మీద పడకుండా పైట నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఒక చుక్క పడింది. వేలితో తుడవబోతే ఇంకా పాకింది. అట్లాగే చదివింది. రాజును పట్టి తెచ్చింది చదివింది, ప్రవక్త కత్తి తీసింది చదివింది, ముక్కలు చేసింది చదివింది. ఒక్క మాట కూడా మింగలేదు.

"సరిపోయింది" అని ఇస్సాకు లేచాడు. "ఆయన చెప్పాల్సింది చెప్పినాడు."

"చిన్నాయనా, ఆ ముసలాయన చేసిన పని ఇందులో రాసుండాది" అంది ఎలీషబా. "మనల్ని చెయ్యమని యాడా లేదు."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెలీదు. నీకూ తెలీదు. వేలికీ తెలీదు." తర్వాత నాయన వైపు తిరిగింది. ఇంతమందిలో ఇన్ని మాటలు ఆమె ఎప్పుడూ ఆడలేదు. "నాయనా, నువ్వు వేలితోనే అడుగుతాండావు. నోటితో ఎప్పుడన్నా అడిగినావా? అన్న పోయినాక ఆయనతో ఒక్క మాటన్నా చెప్పినావా? నేనయితే చెప్పలా. ఇప్పుడే, నువ్వు కొడ్తాంటే చెప్పినా. కోపంగా ఉండాదని చెప్పినా. ఆయన కొట్టలా నన్ను. నువ్వూ అడుగు. నీ మాటలతోనే అడుగు. వాణ్ణి చంపేదా ప్రభువా అని అడుగు."

ఎజ్రా గోడకు చేరగిలబడ్డాడు. తన నలిగిన వేలును రెండో చేతిలో పట్టుకుని చూసుకున్నాడు.

"అడగలేనమ్మీ" అన్నాడు.

"ఎందుకు?"

"నోటితో అడిగితే వద్దంటాడు. ఆయన వద్దంటాడని నాకు తెలుసు. నాకు పుస్తకంతోనే పని. పుస్తకమయితే ఏదో ఒకటి చెప్తాది."

ఆ మాటకు పొయ్యి దగ్గర సరోజమ్మ తల కొంచెం ఎత్తింది.

ఇస్సాకు నవ్వాడు. ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

"వద్దంటాడని తెలుసు గాబట్టి ఊరుకుంటావా? ఊరుకో. నేను అడగను, అడిగే అలవాటు నాకు లేదు. పేతురు నా అన్న కొడుకు. నేను ఎత్తుకుని తిరిగినా వాణ్ణి. చచ్చినాక వాడి చేతులు చూసినావా అన్నా? వేళ్లు అటు ఇటు తిరిగిపోయి... పెట్టెలో పెట్టేటప్పుడు ప్రార్థనకు కలపడానికి గూడ రాలా ఆ చేతులు."

అతను గొడ్డలి ఎత్తి లోపలి గది వైపు నడిచాడు. ఎలీషబా అతని కన్నా ముందు లేచి, గుమ్మంలో అడ్డం నిలబడి, రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుంది.

"జరుగు."

"జరగను చిన్నాయనా."

"నీ అన్నను చంపినోడి కోసం నా చేత దెబ్బలు తింటావా?"

"వాడి కోసం కాదు. ఎవరి కోసమో నాకు తెలీదు. జరగను."

ఇస్సాకు గొడ్డలి కామతో ఆమె కడుపులో పొడిచాడు. ఊపిరి ఆగిపోయి ఆమె వంగిపోయింది, గాని ఒక చెయ్యి ద్వారబంధాన్ని వదల్లేదు. ఆ వేళ్ల మీద కొట్టాడు. పుల్ల విరిగిన చప్పుడు వచ్చింది. ఆమె గడప మీద పడిపోయింది. ఇస్సాకు ఆమెను దాటడానికి కాలెత్తాడు.

ఆ కాలు నేలకు ఆననే లేదు. ఎజ్రా వెనక నుంచి వచ్చి అతని నడుము పట్టి విసిరేశాడు. ఇస్సాకు నులకమంచం మీద పడ్డాడు, మంచంకోడు విరిగింది, ముసలామె కిందికి జారిపోయింది. అన్నదమ్ములు ఇద్దరూ నేల మీద కలబడ్డారు. ఇస్సాకు అన్న గొంతు పట్టుకున్నాడు. ఎజ్రా తలతో తమ్ముడి మొహం మీద గుద్దాడు. ముక్కు పగిలి రక్తం ఇద్దరి మీదా చిమ్మింది. పెనుగులాటలో గొడ్డలి తిరిగి ఎజ్రా భుజంలో దిగబడింది. చొక్కా లేని ఒంటి మీద గాయం ఎర్రగా తెరుచుకుంది. అయినా అతను తమ్ముణ్ణి వదల్లేదు. వాణ్ణి కింద అదిమిపట్టి, "నా బిడ్డను కొట్టినావా? నా బిడ్డను కొట్టినావా?" అని అదే మాట అంటున్నాడు. ఆ బిడ్డను కాసేపటి కిందట తాను కొట్టింది గుర్తులేనట్టు. ఇస్సాకు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే అన్న పక్కటెముకల్లో పిడికిళ్లతో పొడుస్తున్నాడు. తెల్లగుడ్డ మీది పుస్తకాన్ని ఎవరి కాలో తన్నేసింది. అది బోర్లా పడి ఉంది.

ఎలీషబాకు ఎడమచేతి వేళ్లు తెలియడం లేదు. తల నేలకు ఆనించి, ఊపిరి కోసం నోరు తెరిచి పడి ఉంది. ఆ పడుకున్న చోటు నుంచి ఆమెకు రెండు పాదాలు కనపడ్డాయి. పొయ్యి దగ్గర నుంచి కదిలి వస్తున్నాయి. బూడిద అంటిన పాదాలు.

సరోజమ్మ లేచింది.

ఆమె కొట్టుకుంటున్న మగవాళ్లను చూడలేదు. చూరులో చెయ్యి పెట్టి కొడవలి లాగింది. ఒడ్డున నానిన పాతబట్టలా ఉన్న మొహంలో ఏమీ కనపడలేదు, కోపం గాని, దుఃఖం గాని. నెమ్మదిగా నడిచి వచ్చి, గడప మీద పడి ఉన్న కూతురిని చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దాటింది. లోపలి గదిలోకి పోయింది.

"అత్తా" అన్నాడు లింగయ్య. ఆ ఒక్క మాటే. అందులో వేడుకోలు ఉందో, ఒప్పుకోలు ఉందో ఎలీషబాకు తెలియలేదు.

ఆమె పాకి, మంచిగా ఉన్న చేతితో తల్లి చీర అంచు పట్టుకుంది.

"అమ్మా. వద్దమ్మా. నాయన అడగలేడు. మనిద్దరం అడుగుదాం. ఇట్ల కూసో, నాతో గూడ అడుగు. ఒక్క మాట అడుగు ఆయన్ని."

సరోజమ్మ వంగింది. కొడవలి ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుని, రెండో చేతితో కూతురి వేళ్లను ఒకటొకటిగా చీర నుంచి విడదీసింది. అంత మెత్తగా విడదీసింది, పాలు తాగి నిద్రపోయిన బిడ్డ గుప్పిట విప్పినట్టు. కొడుకును పూడ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు అప్పుడు వినపడింది.

"నేను అడిగినా అమ్మీ" అంది. "ఆ పొయ్యి కాడ కూసోని అదే అడుగుతాండా, తిండి లేకుండా, నిద్ర లేకుండా. ఇప్పుడే చెప్పినాడు."

"ఏమని?" అంది ఎలీషబా. "అమ్మా, ఏమని చెప్పినాడు?"

తల్లి ఆమె భుజం మీద చెయ్యి వేసి, గడప బయటికి నెట్టింది. తలుపు మూసింది. లోపల గడియ పడిన చప్పుడు వినపడింది.